మాదిరి పరీక్షల ఫలితములను చదువు విధానము

మాదిరి పరీక్ష జరిగిన మరునాడు నోటీసు బోర్డు వద్ద గుమిగూడు విద్యార్థులు చూచుకొనునవి రెండే: మార్కు, ర్యాంకు. అవి చూచుకొని కొందరు సంతోషింతురు, కొందరు చిన్నబోవుదురు. తమ జవాబు పత్రమును అడిగి ఇంటికి తీసికొనిపోవువారు అరుదు. మూడు గంటలు శ్రమపడి వ్రాసిన పరీక్ష నుండి పొందదగిన లాభములో అత్యల్ప భాగము మాత్రమే వారికి దక్కుచున్నది. మాదిరి పరీక్షలో మిక్కిలి విలువైన భాగము తప్పిన జవాబులే యనియు, ఉర్దూ, తెలుగు మాధ్యమములలో చదివిన మన విద్యార్థుల తప్పులలో కొన్ని విషయము తెలియక గాక భాష అడ్డుపడి కలుగుచున్నవనియు మా అభిప్రాయము. ఈ రెండు మాటలను కొంత వివరించుటకే ఈ వ్యాసము.

మన ప్రాంతపు విద్యార్థుల ముందున్న పరీక్షలు కాలముతో పాటు మారుచు వచ్చినవి. 1980వ దశకమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ఎంసెట్ చాలకాలము ఇంజనీరింగు విద్యకును వైద్యవిద్యకును ఏకైక ద్వారముగా నుండెను. 2017 నుండి వైద్య కళాశాలల సీట్లు నీట్ ద్వారా భర్తీయగుచున్నవి. 2018 నుండి తెలంగాణ ఎంసెట్ కంప్యూటరుపై జరుగసాగెను. 2024లో దాని పేరు ఈఏపీసెట్ అయినది. వీటన్నిటికంటె మన చర్చకు ముఖ్యమైన మార్పు 2023లో వచ్చినది. పూర్వము ర్యాంకు నిర్ణయములో ఇంటర్మీడియట్ మార్కులకు 25 శాతము ప్రాముఖ్యము ఉండెడిది. కరోనా సంవత్సరములలో నిలిపివేసిన ఆ పద్ధతిని 2023లో పూర్తిగా తొలగించిరి. ఇంటర్మీడియట్‌లో ఉత్తీర్ణత కావలసినదే కాని ఆ మార్కులు ర్యాంకునకు తోడు రావు. రెండేండ్ల చదువు మూడు గంటల పరీక్షపై నిలిచినది. వ్యవధియు తక్కువే. 2025లో ఇంటర్మీడియట్ వార్షిక పరీక్షలు మార్చి 5న మొదలై ఆ నెల చివరి వారము వరకు సాగినవి. ఈఏపీసెట్ వ్యవసాయ, ఫార్మసీ విభాగము ఏప్రిల్ 29, 30 తేదీలలోను, ఇంజనీరింగు విభాగము మే 2 నుండి 4 వరకును జరిగినవి. నడుమ మిగిలినది సుమారు ఒక మాసము. ఆ మాసములో ఎన్ని మాదిరి పరీక్షలు వ్రాసితిమన్న సంఖ్యకంటె, వ్రాసిన ప్రతి పరీక్ష నుండి ఏమి గ్రహించితిమన్నది ముఖ్యము.

మొదట మార్కు సంగతి చూతము. ఈఏపీసెట్ ఇంజనీరింగు విభాగమున ప్రశ్నలు 160. గణితము 80, భౌతికశాస్త్రము 40, రసాయనశాస్త్రము 40. ప్రశ్నకు ఒక మార్కు. తప్పునకు కోత లేదు. ర్యాంకు పొందుటకు సాధారణముగా కావలసిన కనీస మార్కులు 25 శాతము, అనగా 40. ఇచ్చిన నాలుగు సమాధానములలో సరియైనది ఒకటే గనుక, పుస్తకము తెరువని వాడు కన్నులు మూసికొని 160 ప్రశ్నలకును గుర్తులు పెట్టినను సగటున వానికి వచ్చునవి 40 మార్కులే! అర్హత సాధించితినని మిఠాయి పంచువారు ఈ లెక్కను ఒకమారు వేసికొనుట మంచిది.

ఒక విద్యార్థికి మాదిరి పరీక్షలో 70 మార్కులు వచ్చెననుకొందము. అతడు 100 ప్రశ్నలను చదివి, ఆలోచించి చేసెను. వాటిలో 55 సరియైనవి. తక్కిన 60 ప్రశ్నలకు కొంత తెలియక, కొంత కాలము చాలక ఊహతో గుర్తులు పెట్టెను. నాలుగింట ఒక వంతు చొప్పున వాటిలో 15 కలిసివచ్చెను. ఆ 15 స్థిరమైన సంఖ్య కాదు. సంభావ్యతా శాస్త్రము ననుసరించి లెక్కించినచో, 60 ఊహలలో కలిసివచ్చునవి పది పర్యాయములలో సుమారు ఏడు పర్యాయములు 12కును 18కిని నడుమ నుండును. మిగిలిన మూడు పర్యాయములు అంతకు హెచ్చుగనో తగ్గుగనో ఉండును. కావున ఈ వారము 70 వచ్చి, పై వారము 74 వచ్చినంత మాత్రమున అభివృద్ధి అనరాదు; 66 వచ్చినంత మాత్రమున పతనమనరాదు. అతని చదువు ఏమాత్రము మారకయే ఈ హెచ్చుతగ్గులు కలుగవచ్చును. చూడవలసినది 55 అన్న సంఖ్య. అది 60 అయ్యెనా, 50కి జారెనా అన్నదే ప్రశ్న. కాని ఊహించి పెట్టిన జవాబులకు వేరుగా గుర్తు వేసికొననిచో ఈ 55 అన్న సంఖ్య విద్యార్థికి గాని, అధ్యాపకునికి గాని ఎన్నటికిని తెలియదు.

బోధన్ ప్రాంతము వారికి ఈ విషయమును చెరకు పొలము నుండి చెప్పిన సులభముగా బోధపడును. 1937లో స్థాపితమై, 2015 డిసెంబరులో మూతపడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీని ఆశ్రయించి బ్రతికిన కుటుంబముల పిల్లలు నేడు మన తరగతులలో ఉన్నారు. వారి ఇండ్లలో 'రికవరీ' అన్న మాట పరిచితమే. నూరు పాళ్ల చెరకు నుండి ఎన్ని పాళ్ల పంచదార వచ్చెనన్నది ఆ లెక్క. ఎత్తుగా ఎదిగినంత మాత్రమున చెరకు పండెనని తెలిసినవారు నమ్మరు. గడ పైభాగము నుండి కొంత, క్రింది భాగము నుండి కొంత రసము తీసి, చేతి రిఫ్రాక్టోమీటరుతో బ్రిక్స్ చూతురు. మొదట తీపి హెచ్చుగా, కొనన తక్కువగా నున్నచో పంట ఇంకను పక్వము కాలేదు. రెండును దాదాపు సమానమైనపుడే కోత. ఒక్క గడను చూచి పొలమంతటికి తీర్పు చెప్పరు. పలుచోట్ల గడలు తీయింతురు. మొత్తము మార్కు బండిపై తూచిన చెరకు బరువు వంటిది. ఏ అధ్యాయము పండినది, ఏది పండలేదు అన్న సంగతి ఆ బరువులో కనబడదు. గణితములో 80కి 36 వచ్చినవన్న విద్యార్థికి త్రికోణమితిలో అన్నియు సరిగానే ఉండి, కలన గణితమంతయు శూన్యము కావచ్చును. అట్టివాడు గణితమంతయు మొదటి పుట నుండి మరల చదువ నారంభించిన, పండిన మడికే నీరు కట్టినట్లగును.

చెరకు నుండి నేర్వదగిన సంగతి మరియొకటి కలదు. కోసిన చెరకును ఒక దినములోపల గానుగ కెక్కించిన మేలు. ఆలస్యమైన కొలది అందలి పంచదార తరిగిపోవును. పరీక్ష వ్రాసిన జ్ఞాపకమును అట్టిదే. ఈ ప్రశ్నకు రెండవ జవాబును ఎందుకు గుర్తించితినన్న సంగతి ఆ సాయంకాలము జ్ఞప్తికి వచ్చును. వారము తరువాత రాదు. జవాబు పత్రములను పదిదినములకు తిరిగియిచ్చు పద్ధతిలో మార్కు నిలుచును, కారణము నశించును.

ఇక ఆచరణ. పరీక్ష వ్రాయునపుడే ప్రతి ప్రశ్న సంఖ్య ప్రక్కన చిత్తు కాగితముపై ఒక గుర్తు వేయవలెను. నిశ్చయముగా తెలిసి వ్రాసినదానికి గీత, రెండు జవాబుల నడుమ సందేహించినదానికి చుక్క, ఊహించినదానికి సున్న. ఇందుకు ప్రశ్నకు ఒక క్షణము చాలును. ముగిసిన పిమ్మట, సమాధానముల పట్టిక చూడక ముందే, చుక్క, సున్న పెట్టిన ప్రశ్నలను కాలనియమము లేకుండ మరల చేయవలెను. పిమ్మట పట్టికతో సరిచూడవలెను. తీరికగా చేసినపుడు వచ్చిన ప్రశ్న పరీక్షలో రాలేదన్నచో లోపము వేగములో నున్నది. తీరికగా చేసినను రానిచో లోపము విషయములో నున్నది. ఈ రెంటికిని మందు ఒకటి కాదు. విషయము తెలియనిచో అధ్యాపకుని అడిగి ఆ భాగమును చదువుట తప్ప మార్గము లేదు. దీనిని గూర్చి అధికముగా చెప్పవలసినదియు లేదు. వేగము చాలనిచో చదువవలసినది పాఠము కాదు. గడియారము ముందుంచుకొని అదే రకపు లెక్కలు ఇరువది చేయవలెను. గీత పెట్టియు తప్పిన ప్రశ్నలు మాత్రము మిక్కిలి విలువైనవి. తెలియునని నమ్మినది తప్పైనపుడు కలుగు ఆశ్చర్యము మనస్సున గాఢముగా నాటుకొనును. 2001లో బటర్‌ఫీల్డ్, మెట్కాఫ్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ విషయమును పరీక్షించి, సందేహముతో చేసిన తప్పులకంటె గట్టి నమ్మకముతో చేసిన తప్పులే, సరియైన జవాబు చూపిన పిమ్మట, చక్కగా సరిదిద్దబడుచున్నవని చూపిరి.

తప్పులలో మరియొక జాతి కలదు. దానిని పెద్ద పట్టణముల కోచింగు కేంద్రముల వారు ముద్రించు విశ్లేషణ పత్రములలో చూడలేము. కారణము, అవి ఆంగ్ల మాధ్యమపు విద్యార్థిని దృష్టిలో నుంచుకొని తయారైనవి. మన విద్యార్థి పదవ తరగతి వరకు ఉర్దూలోనో తెలుగులోనో భౌతికశాస్త్రము చదివి, ఇంటర్మీడియట్‌లో ఆంగ్లమునకు మారి, అక్కడ మాదిరి పరీక్షను ఆంగ్లములో ఎదుర్కొనును. అతడు తప్పిన ప్రశ్న న్యూటన్ సూత్రము తెలియక తప్పినదా, 'యాక్సిలరేషన్' అన్న మాట తాను చదివిన 'ఇస్రా' అనియో, 'త్వరణము' అనియో స్ఫురింపక తప్పినదా అన్నది మార్కు చెప్పదు. తెలుగులో వాడుక భాషను నమ్మినచో మోసమే. ఇంట 'వేగము' అన్నచో ఎంత తొందరగా అన్న అర్థము. పాఠ్యపుస్తకమున 'వేగము' దిశ గల రాశి, దిశ లేనిదానికి 'వడి' అని పేరు. ఉర్దూలో 'కమియత్' వేరు, 'వజన్' వేరు. అంగడిలో మాత్రము అంతయు వజనే. రసాయనశాస్త్రములో ఈ చిక్కు మరింత వినోదకరము. తెలుగున ద్రావణము, ద్రావితము, ద్రావణి. ఉర్దూలో మహ్లూల్, మునహల్, ముహల్లిల్. ఆంగ్లమున సొల్యూషన్, సొల్యూట్, సాల్వెంట్. ప్రతి భాషలోను మూడు మాటలు ఒకదానిని పోలి మరియొకటి! మూడు భాషలు ఒకే తలలో చేరినపుడు తొమ్మిది మాటలు త్రొక్కిసలాడుట వింత కాదు. ఇది విద్యార్థి మందబుద్ధి కాదని తల్లిదండ్రులు గ్రహింపవలెను. ఈ భాషలకు శాస్త్రమును మోయు శక్తి లేదనియు ఎవరు అనుకొనరాదు. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూను బోధనభాషగా స్వీకరించినపుడు, దానికి ముందటి సంవత్సరముననే దారుల్ తర్జుమా అను అనువాద సంస్థను నెలకొల్పి శాస్త్ర పారిభాషిక పదములను సిద్ధపరచిరి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి తెలుగున అట్టి కృషియే చేసినది. పదములు ఉన్నవి, వాటిని ఆంగ్ల పదములతో జతపరచు అభ్యాసమే మనకు కొరవడినది.

భాష వలన కలిగిన తప్పును కనిపెట్టుటకు సులభమైన ఉపాయము కలదు. తప్పిన ప్రశ్నను అధ్యాపకుడు గాని, స్నేహితుడు గాని విద్యార్థి చదివిన భాషలో చదివి వినిపింపవలెను. జవాబులు చెప్పరాదు, సూచనలు ఇయ్యరాదు. వినిన వెంటనే విద్యార్థి సరిగా చేసినచో ఆ తప్పు భాషకు చెందినది. అట్టి ప్రశ్నలోని మాటను ఒక నోటు పుస్తకమున మూడు నిలువు గడులలో, ఆంగ్లము, ఉర్దూ, తెలుగు, వ్రాసికొనవలెను. నిఘంటువును చూచి వేయి మాటలు ఎత్తివ్రాయుట వృథా. తాను నిజముగా తప్పిన మాటలే వ్రాయవలెను. ఆ పుస్తకము చిన్నదిగా ఉండును గనుక బోధన్ నుండి నిజామాబాదునకు సుమారు 25 కిలోమీటర్ల బస్సు ప్రయాణములోనే ఒకమారు తిరుగవేయవచ్చును. మాటలేగాక వాక్యనిర్మాణమును చూడవలెను. 'క్రింది వానిలో సరికానిది ఏది' అన్న ప్రశ్నలో తెలుగు వాక్యము కాదన్న భావమును స్పష్టముగా చెవిన వేయును. ఆంగ్లమున 'నాట్' అన్న చిన్నమాట వాక్యము నడుమ దాగియుండును. పరుగున చదువువాడు దానిని దాటిపోవును. అట్టి ప్రశ్నలలో ఎన్ని తప్పినవో ప్రత్యేకముగా లెక్కించుకొనవలెను.

నీట్ పరీక్షలో ఉర్దూ మాధ్యమము మొదట లేకుండెను. 2018 నుండి వచ్చినది. తెలుగు, ఉర్దూ ఎన్నుకొనినవారికి ఆంగ్లముతో కూడిన ద్విభాషా ప్రశ్నపత్రము లభించును. అనువాదములో సందేహము వచ్చినచో ఆంగ్ల పాఠమే ప్రమాణమన్న నియమము కలదు. అందుచే తన భాషలో వ్రాయువాడును ఆంగ్ల పాఠమును సరిచూచుకొను అలవాటు చేసికొనవలెను. ఆ అలవాటు పరీక్షనాడు పుట్టదు. మాదిరి పరీక్షలను కేవలము ఆంగ్లములోనే పెట్టినచో ఆ విద్యార్థి తాను వ్రాయబోవు పరీక్షకు కాక మరియొక పరీక్షకు అభ్యసించుచున్నాడన్నమాట.

పైన చెప్పిన 70 మార్కుల విద్యార్థి పత్రమునే మరల చూతము. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలే. ఆలోచించి చేసిన 100లో తప్పినవి 45. వాటిని వేరుపరచగా, విషయము తెలియక 24, భాష వలన 12, గుణకారములోనో, గుర్తు మార్పులోనో పొరపాటు వలన 9 అని తేలినది. మొదటి 24 ప్రశ్నలు ఏడెనిమిది అధ్యాయములకు చెందినవి. ఒక మాసములో అవన్నియు నేర్వలేడు. వాటిలో రెండు మూడింటిని ఎన్నుకొనవలెను. కాని భాష వలన పోయిన 12, పొరపాటున పోయిన 9, మొత్తము 21 మార్కులు, అతడు కొత్త పాఠము ఒకటియు చదువక ముందే అతని అందుబాటులో ఉన్నవి. వాటిలో సగము తిరిగి వచ్చినను 55 అన్నది 65 అగును. నోటీసు బోర్డుపై తన పేరు 70 వద్ద చూచి చిన్నబోయిన విద్యార్థికి ఈ సంగతి ఎవరు చెప్పుదురు?

పరీక్ష వ్రాయుటయే చదువులో ఒక భాగమన్న విషయమునకు శాస్త్రీయ ప్రమాణము కలదు. 2006లో అమెరికాలోని రోడిగర్, కార్పికే అను ఆచార్యులు ఒక ప్రయోగము ప్రకటించిరి. ఒక పాఠమును కొందరు విద్యార్థులు నాలుగు మారులు చదివిరి. మరికొందరు ఒకమారు చదివి, మూడుమారులు చూడకుండ జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాసిరి. అయిదు నిమిషముల పిమ్మట పరీక్షింపగా పదేపదే చదివినవారే మెరుగు. ఒక వారము తరువాత ఫలితము తారుమారయ్యెను: చదివినవారికి సుమారు 40 శాతము, వ్రాసిచూచుకొనినవారికి 61 శాతము జ్ఞప్తియందుండెను. అయితే ఇందు ఒక హెచ్చరిక కూడ కలదు. అదే రోడిగర్, మార్ష్ అను సహచరురాలితో కలిసి 2005లో చూపినదేమనగా, నాలుగు జవాబుల ప్రశ్నలలో విద్యార్థి గుర్తించిన తప్పు జవాబే కొన్నిసార్లు అతనికి నిజమై నిలిచిపోవును. అనగా తప్పులు సరిచూడని మాదిరి పరీక్ష లాభము తగ్గించుటయే గాక కొంత నష్టమును కలిగింపగలదు. వారమునకు నాలుగు పరీక్షలు పెట్టి ఒక్కటియు చర్చింపని పద్ధతిని మేము మెచ్చలేము. వారమునకు ఒకటి పెట్టి, మరునాడు రెండు గంటలు దానిపై వెచ్చించుట మేలు.

నీట్ వ్రాయువారికి ఊహల సంగతి వేరు. 2025లో ప్రశ్నలు 180, మార్కులు 720. సరియైన జవాబునకు నాలుగు, తప్పునకు ఒక మార్కు కోత. ఏమియు తెలియక ఊహించిన ప్రశ్నకు సగటున వచ్చునది పావు మార్కు. ఒక జవాబును తప్పని కొట్టివేయగలిగినచో మూడింట రెండు వంతుల మార్కు. రెంటిని కొట్టివేయగలిగినచో ఒకటిన్నర. కాబట్టి చుక్క పెట్టిన ప్రశ్నలను వదలరాదు, సున్న పెట్టినవాటిపై ఆశ పెంచుకొనరాదు. అయితే ఎవరి చుక్కలు ఎంత నమ్మదగినవో వారి పాత పత్రములే చెప్పవలెను. పది చుక్కలలో ఆరు సరియైనవాడు ధైర్యముగా వ్రాయవచ్చును. రెండే సరియైనవాడు తాను సందేహమని భావించినది కూడ ఊహయే యని తెలిసికొనవలెను.

పత్రము తలపై తేదీతో పాటు వేళను కూడ వ్రాసికొనుట మరువరాదు. 2025లో రంజాను మాసము మార్చి 2న ఆరంభమై నెలాఖరు వరకు నడచినది. ఇంటర్మీడియట్ పరీక్షలును ఆ నెలలోనే. ఉపవాస దినమున మధ్యాహ్నము వ్రాసిన పరీక్షలో చివరి గంట తప్పులు హెచ్చినచో, దానిని చదువు లోపముగా లెక్కించుట అన్యాయము. ఆ నెలలో మాదిరి పరీక్షలు ఉదయమున పెట్టిన, ఉభయులకును సౌకర్యము.

కళాశాల కమిటీ వారికి ఇచట కొన్ని మాటలు విన్నవింపక తప్పదు. ర్యాంకుల జాబితాను నోటీసు బోర్డుపై అంటించుట వలన మొదటి పదిమందికి కలుగు ఉత్సాహమును మేము కాదనము. కాని మన కుటుంబములలో ఆ జాబితా ఇంటికి చేరు విధము వేరు. నూరుమందిలో తొంబదవ స్థానము అన్న మాట విని, బాలిక చదువునకు ఇక ఖర్చు దండుగ యని నిర్ణయించు తండ్రులు ఉన్నారు. పైన చెప్పినట్లు ఆ స్థానము కొంత అదృష్టము చేతను, కొంత భాష చేతను ఏర్పడినది కావచ్చును. ఒక వారపు మాదిరి పరీక్ష అంకె ఒక బాలిక జీవితమునకు తీర్పు కారాదు. జాబితాకు బదులు ప్రతి విద్యార్థికి తన పత్రమును, అధ్యాయముల వారీ లెక్కతోను, తప్పుల రకములతోను, ఆ సాయంకాలమే ఇయ్యవలెనని మా మనవి. తల్లిదండ్రుల సమావేశమున ర్యాంకు కాక ఆ కాగితమునే చూపి, ఉర్దూలోనో తెలుగులోనో వివరించిన వారికి అర్థమగును.

ఇందుకు కావలసిన వ్యయము స్వల్పమే. గత సంవత్సరముల ప్రశ్నపత్రములు, సమాధానముల పట్టికలు ఉచితముగా లభ్యమగుచున్నవి. 2020లో జాతీయ పరీక్షా సంస్థ విడుదల చేసిన 'అభ్యాస్' వంటి ఉచిత సాధనములు కలవు. ఈఏపీసెట్ కంప్యూటరుపై జరుగును గనుక, కనీసము రెండు మాదిరి పరీక్షలు కళాశాల కంప్యూటరు గదిలో పెట్టవలెను. జవాబు ఎన్నుకొని భద్రపరచు మీట నొక్కక ముందుకు పోవుట వలన మార్కులు పోగొట్టుకొనువారు మొదటిమారు తప్పక ఉందురు. భౌతిక, రసాయన శాస్త్రముల అధ్యాపకులు ఉర్దూ, తెలుగు శాఖల వారితో కలిసి, విద్యార్థుల నోటు పుస్తకముల నుండి ఏరిన మాటలతో మూడు భాషల పట్టిక నొకటి తయారుచేసి జెరాక్సు తీయించి పంచిన, అది పదిపుటలకు మించదు. ఇంటర్మీడియట్ పరీక్షలు ముగిసిన మరుసటి సోమవారము మొదటి మాదిరి పరీక్షయు, ఆ మంగళవారము చర్చయు జరుగుటకు తరగతి గదులను ఇప్పుడే కేటాయించిన, ఏప్రిల్‌లో నాలుగు వారములు మనకు దక్కును.